63 డైరెక్టరీల్లో సైట్ చేర్చాను, గూగుల్‌లో మాత్రం జాడ లేదు. ఇంకా చేర్చాలా, మానేయాలా?

దారంఉండ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను కుట్టుమిషన్లు బాగుచేస్తాను, 22 ఏళ్లుగా అదే పని. కంప్యూటర్ విషయాల్లో మాత్రం పసివాణ్ని. తెలివితక్కువగా ఏదైనా అడిగితే ఏమీ అనుకోకండి.

మిషన్ మొరాయిస్తే జనం ఫోన్ చేసి అడిగేవి తిప్పితిప్పి ఓ యాభై ప్రశ్నలే. సూది ఎందుకు విరుగుతోంది, కుట్లు ఎందుకు తప్పుతున్నాయి, బట్ట ఎందుకు ముందుకు జరగడం లేదు, మోటారు ఎందుకు మూలుగుతోంది. చెప్పిందే చెప్పీ చెప్పీ విసుగొచ్చి, జవాబులన్నీ ఒకచోట పెట్టేద్దామని మా మేనల్లుడి చేత సైట్ చేయించాను. 58 పేజీలు. ఒక్కో పేజీకి ఒక్కో రోగం. ఎవరైనా వెతికితే దొరుకుతుందని ఆశ. తొమ్మిది నెలలైంది. నా సైట్ పేరు పూర్తిగా టైప్ చేస్తే వస్తోంది. మిషన్ రోగం పేరు కొడితే మాత్రం ఎన్ని పేజీలు తిప్పినా నేను లేను.

బయటి సైట్ల నుంచి లింకులు లేకపోతే గూగుల్ పట్టించుకోదు, డైరెక్టరీల్లో, అంటే సైట్లను విభాగాలవారీగా పేర్చి చూపే సైట్లలో, చేర్చు అని ఒకాయన చెప్పాడు. ఒక జాబితా కూడా ఇచ్చాడు, 400 పైనే ఉన్నాయి. రోజూ రాత్రి పని ముగిశాక కూర్చునేవాణ్ని. నోటుబుక్కులో గీతలు గీసుకున్నాను: డైరెక్టరీ పేరు, ఏ విభాగం, తేదీ, ఒప్పుకున్నారా లేదా. మూడు వారాల్లో 63 అయ్యాయి.

విభాగం ఎంచుకోవడమే పెద్ద తలనొప్పి. కుట్టుమిషన్లకు ఎక్కడా చోటు లేదు. ఒకదాంట్లో 'ఇల్లు, తోట' కింద పెట్టాను, ఇంకోదాంట్లో 'కళలు' కింద, మరోదాంట్లో 'యంత్రాలు' కింద బుల్‌డోజర్ల పక్కన. ఏదీ కుదరక ఒకచోట 'ఆరోగ్యం'లో కూడా పెట్టాను, సిగ్గుగానే ఉంది. సైట్ గురించి నాలుగు ముక్కలు రాయమని ఒక పెట్టె ఉంటుంది కదా, అందులో మొదట ఒక్కోచోట ఒక్కోలా రాశాను. పదో దానికల్లా ఓపిక చచ్చింది. నా హోమ్ పేజీలోని మొదటి పేరానే తెచ్చి అన్నిట్లో అతికించేశాను.

లెక్క ఇదీ: 63లో 24 ఒప్పుకున్నాయి. 5 కాదన్నాయి. 2 మాత్రం "ముందు మా లింకు మీ సైట్‌లో పెట్టండి, తర్వాత మీది పెడతాం" అన్నాయి, వాటిలో ఒకదానికి పెట్టాను. మిగతావి ఉలుకూ లేదు పలుకూ లేదు.

ఇన్నాళ్లలో ఆ డైరెక్టరీల నుంచి నా సైట్‌కి వచ్చినవాళ్లు నలుగురు. అందులో రెండుసార్లు వచ్చింది నేనే, లింకు పనిచేస్తోందా అని నొక్కి చూసుకున్నప్పుడు. మెయిల్ పెట్టె మాత్రం పొంగిపొర్లుతోంది.

నిన్న ఒక మెయిల్ వచ్చింది: వారంలో 1000 డైరెక్టరీల్లో చేర్చేస్తాం, మొదటి పేజీ గ్యారంటీ అని. నా వేగంతో 1000 అంటే ఇంచుమించు ఏడాది పడుతుంది, అందుకే మనసు లాగుతోంది. తీసుకోమంటారా? లేక నా చేత్తోనే చేసుకుంటూ పోవాలా? అసలు ఎన్ని చేరిస్తే ఫలితం కనిపిస్తుంది?

గాలివాటం

డైరెక్టరీల కాలం ఎప్పుడో చెల్లింది. టైం వేస్ట్. మంచి కంటెంట్ రాయండి, అదే వస్తుంది.

దారంఉండ

రాశానండీ, 58 పేజీలు. అది రావట్లేదనే కదా అడుగుతున్నా.

*[ఈ జవాబును నిర్వాహకులు తొలగించారు]*

పాతకాపు

ఆ తీసేసిన జవాబు నేను చదివాను. "నాకు మెసేజ్ పెట్టండి, సగం రేటుకే చేస్తా" అని. దారంఉండ గారూ, ఈ డైరెక్టరీల్లో చేర్చే పని నేను చేశాను. మీలా మూడు వారాలు కాదు, మూడేళ్లకు పైగా, జీతానికి. అందుకని కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

2009 చివర్లో ఒక చిన్న ఆఫీసులో చేరాను. పేరు అనవసరం. చేరిన రోజే ఒక ఎక్సెల్ షీట్ చేతిలో పెట్టారు, అందులో 700 డైరెక్టరీలు. చిరునామా, పేజ్‌ర్యాంక్ (లింకుల్ని బట్టి గూగుల్ పేజీకి వేసే మార్కు), విభాగం, కాప్చా ఉందా, కన్ఫర్మేషన్ మెయిల్ వచ్చిందా అని గళ్లు. అచ్చం మీ నోటుబుక్కే. రోజుకు 80 కోటా. అప్పట్లో బ్రౌజర్‌లో గూగుల్ టూల్‌బార్ వేసుకుంటే ప్రతి పేజీకీ ఒక ఆకుపచ్చ గీత కనిపించేది, 0 నుంచి 10 దాకా కొలత. ఆ గీతే మాకు దేవుడు. 4 ఉన్న డైరెక్టరీ దొరికితే ఆ రోజు పండగే. దాని లోపల ఏముంది, అక్కడికి మనిషన్నవాడు వస్తాడా రాడా అని చూసిన పాపాన పోలేదు. క్లయింటు ఏ మాటకు పైకి రావాలనుకుంటే 700 చోట్లా ఆ మాటే లింకు మీద పెట్టేవాళ్లం. పైపులు అమ్మేవాడికి పైపులు, పైపులు, పైపులు. ఒకసారి లీవ్ లెటర్‌లో నా పేరు రాయాల్సిన చోట క్లయింటు మాట రాసిచ్చాను.

పనిచేసేదా? చేసేది, అబద్ధమెందుకు. ఎందుకు పనిచేసేదో తెలిస్తే ఇప్పుడెందుకు చేయదో మీకే అర్థమవుతుంది.

1994లో జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో అనే ఇద్దరు కుర్రాళ్లు తమకు నచ్చిన సైట్లను విభాగాలవారీగా పేర్చుకుంటూ పోతే అదే యాహూ అయింది. అప్పుడు వెతకడమంటే అదే: విభాగంలోకి దిగడం, అందులో ఇంకో విభాగంలోకి దిగడం. 1998లో డీమోజ్ అనే ఇంకో డైరెక్టరీ వచ్చింది. జీతం లేకుండా పనిచేసే ఎడిటర్లు వేలల్లో ఉండి, ఒక్కో సైట్‌నూ కళ్లతో చూసి చేర్చేవాళ్లు. అదే ఏడు గూగుల్ కూడా పుట్టింది, లింకును ఓటుగా లెక్కపెడుతూ. ఒక మనిషి చూసి, బాగుందనుకుని పెట్టిన లింకుకు ఓటు విలువ ఇవ్వడం సబబే కదా. పైగా డీమోజ్ జాబితాను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. గూగుల్ తన సొంత డైరెక్టరీని కూడా దాంతోనే నడిపింది. ఎక్కడో ఒక ఎడిటర్ సరేనంటే మన లింకు ఊరూరా కాపీ అయ్యేది. నేను ఒక క్లయింటు కోసం డీమోజ్‌లో అర్జీ పెట్టి పద్నాలుగు నెలలు ఎదురుచూశాను. జవాబు రాలేదు. ఆ ఎడిటర్ మీద అప్పుడు కోపం వచ్చింది గానీ, ఇప్పుడు ఆలోచిస్తే దాని విలువంతా ఆ 'కాదు'లోనే ఉంది.

ఈ గుట్టు తెలిశాక చూడకుండా చేర్చుకునే డైరెక్టరీలు పుట్టగొడుగుల్లా మొలిచాయి. స్క్రిప్ట్, అంటే తయారుగా దొరికే ప్రోగ్రాం, ఒకటి తెచ్చి పెట్టుకుంటే డైరెక్టరీ రెడీ. నా షీట్‌లోని 700లో చాలావాటి రంగు మారుతుంది తప్ప మొహం ఒక్కటే. మీ 400 జాబితా కూడా దాని మనవడే అయి ఉంటుంది.

2012 ఏప్రిల్ 24, మంగళవారం. గూగుల్ పెంగ్విన్ అనే మార్పు తెచ్చింది. ఇలా కృత్రిమంగా కట్టిన లింకుల మీదే దాని గురి. ఆ వారమంతా ఆఫీసులో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. పైపులవాడు మొదటి పేజీ నుంచి ఎక్కడికి పోయాడో కూడా తెలియలేదు. ఆ తర్వాత జరిగింది చెబితే నవ్వుతారు. అదే ఆఫీసు, అదే షీట్, అదే కుర్చీ. పని మాత్రం తిరగబడింది. ఏ డైరెక్టరీల్లో చేర్చామో వాటి యజమానులకే "దయచేసి మా లింకు తీసెయ్యండి" అని మెయిళ్లు పెట్టడం. కొందరు తీయడానికి డబ్బులడిగారు! చేర్చినందుకు క్లయింటు దగ్గర ఒకసారి, తీసినందుకు ఇంకోసారి మేమూ తీసుకున్నాం అనుకోండి, ఎవర్నీ అనడానికి లేదు. ఆ అక్టోబరులో గూగుల్ డిసవౌ టూల్ ఇచ్చింది, అంటే "ఈ లింకులతో నాకు సంబంధం లేదు" అని జాబితా దాఖలు చేసుకోవడం. నేను 2013లో మానేశాను.

తర్వాత ఒక్కొక్కటే రాలిపోయాయి. యాహూ డైరెక్టరీ 2014 డిసెంబరులో మూతపడింది. ఆకుపచ్చ గీత 2016లో పోయింది. డీమోజ్ 2017 మార్చి 17న మూసేశారు. పాత ఎడిటర్లు కొందరు కర్లీ అనే పేరుతో దాన్ని ఇంకా నడుపుతున్నారు.

ఇక మీ 63 సంగతి. భయపడకండి. 2016 సెప్టెంబరు నుంచి పెంగ్విన్ తీరు మారింది. ఇలాంటి లింకుల్ని చూస్తే శిక్షించడం కంటే లెక్కలోంచి తీసేయడమే ఎక్కువ. కాబట్టి మీ మూడు వారాల శ్రమకు లాభమూ లేదు, నష్టమూ లేదు. డిసవౌ జోలికి వెళ్లకండి. చాలా సైట్లకు దాని అవసరమే రాదని గూగులే చెబుతుంది. 1000 ప్యాకేజీ మాత్రం వద్దు. నాసిరకం డైరెక్టరీల లింకుల్ని గూగుల్ తన స్పామ్ నిబంధనల్లో పేరు పెట్టి మరీ చెప్పింది. అదృష్టం బాగుంటే సున్నా. బాగోకపోతే గూగుల్ మనుషులు చూసి మీ సైట్ మీద చర్య తీసుకునే దాకా పోవచ్చు. మొదటి పేజీ గ్యారంటీ అన్నవాడి మెయిల్ అక్కడే చెత్తబుట్టలో వేయండి. మొదటి స్థానాన్ని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు, అదీ గూగుల్ రాసిపెట్టిన మాటే.

లింకుకు బదులు లింకు అని ఒకటి పెట్టానన్నారు, దాన్ని తీసేయండి. ఇంకోటి, ఆ 63 చోట్లా ఖాతాలు తెరిచినప్పుడు మెయిల్‌కి వాడే పాస్‌వర్డే వాడలేదు కదా? వాడి ఉంటే ఇది చదవడం ఆపి ముందు అది మార్చుకు రండి.

మీరు అడగని ప్రశ్న ఒకటుంది. మీ 58 పేజీల్లో గూగుల్ దగ్గర అసలు ఎన్ని ఉన్నాయి? సైట్ చిరునామా ఇవ్వండి, చూస్తాను.

దారంఉండ

పాస్‌వర్డ్ మార్చుకుని వచ్చాను. (అవును, అదే వాడాను.) సైట్ చిరునామా మీకు విడిగా పంపాను.

నిమ్మళం

పాతకాపు గారు చెప్పినదాంతో నాకు పేచీ లేదు గానీ, డైరెక్టరీలన్నిటినీ ఒకే గాటన కట్టకండి. నేను అనువాదకురాలిని. మా వృత్తి సంఘం సభ్యుల జాబితా ఒకటుంది: ఏ భాష నుంచి ఏ భాషకు, ఏ రంగం, ఎన్నేళ్ల అనుభవం అని వివరాలన్నీ ఉంటాయి. పరీక్ష పాసైతేనే అందులో పేరు వస్తుంది. నాకొచ్చే పనిలో సగం అక్కడి నుంచే. ఆ లింకు నోఫాలో అట, అంటే గూగుల్‌కి ఓటుగా లెక్కకు రాకపోవచ్చు. రాకపోతే ఏం? క్లయింటు వస్తున్నాడు.

ఇప్పటి నా సైట్‌ను ఇలాంటివి మూడు చోట్ల చేర్చాను, అంతే. ఏడాదికోసారి వెళ్లి ఫోన్ నంబరూ వివరాలూ సరిగా ఉన్నాయా అని చూసుకుంటాను. నంబరు మారిన ఏడాది ఒకచోట మార్చడం మర్చిపోయి ఎంత పని పోగొట్టుకున్నానో నాకే తెలియదు.

పాతకాపు

నిమ్మళం గారూ, ఒప్పుకుంటున్నాను. పాత పాపం వల్ల డైరెక్టరీ అనే మాట వింటేనే చేయి కడుక్కోవాలనిపిస్తుంది నాకు.

మంచిదో కాదో తేల్చుకోవడానికి నేనిప్పుడు చేసేది చాలా చిన్న పని. ఆ డైరెక్టరీలో మన విభాగం తెరిచి, అక్కడున్న మిగతా సైట్లను ఓ పది నొక్కి చూస్తాను. నాలుగు చచ్చిపోయి, మూడు జూదం సైట్లు అయితే అక్కడితో సరి. మిషన్ పాడైన మనిషి ఏం వెతుకుతాడో అది గూగుల్‌లో కొట్టి, ఆ డైరెక్టరీ పేజీ వస్తుందేమో చూస్తాను. గూగుల్‌లో తానే కనిపించనిది మనల్నెక్కడ చూపిస్తుంది? ఇక మిగిలేది నాకు నేను వేసుకునే ప్రశ్న: నా మిషన్ పాడైతే నేను ఇక్కడికొచ్చి వెతుకుతానా? చేర్చడానికి ఎంత సులువైతే అంత పనికిరానిది అనుకోవచ్చు, ఇంచుమించుగా.

డబ్బు కట్టి చేర్చుకునేవన్నీ తప్పని కాదు. జనం వచ్చే చోటైతే ప్రకటన ఇచ్చినట్టే అనుకోండి. ఆ లింకుకు నోఫాలో అనో, స్పాన్సర్డ్ (డబ్బిచ్చి పెట్టించినది) అనో గుర్తు పెట్టాలన్నది గూగుల్ నియమం, అంతే.

దారంఉండ గారూ, మీ సైట్ చూశాను. రోగం దొరికింది. డైరెక్టరీలకూ దానికీ ఏ సంబంధమూ లేదు.

మీ 'కింద దారం ఉండకట్టడం' పేజీ తెరిచాను. ఎంత బాగా రాశారండీ! నాకు కుట్టు రాదు, అయినా అర్థమైంది. కాకపోతే ఆ రాసిందంతా ఒక ఫోటో. మౌస్‌తో ఒక్క అక్షరం పట్టుకుందామన్నా చిక్కలేదు. మిగతావీ చూశాను, అన్నీ ఫోటోలే. పేజీలో నిజంగా అక్షరాలుగా ఉన్నవి పైన 'భాగం 12', కింద 'ఇంకా చూడండి', అంతే. ముఖ్యమైన రాతను బొమ్మలో ఇరికించవద్దనే గూగుల్ చెబుతుంది. ఇక ప్రతి పేజీ టైటిలూ 'హోమ్'. 58 పేజీల పేరూ హోమే! ఒక ఇంట్లో 58 మందికి ఒకే పేరు పెడితే పోస్టు ఎవరికివ్వాలి?

అంతకన్నా పెద్దది ఇంకోటుంది. హోమ్ పేజీలో మొదటి 12 భాగాలకే లింకులున్నాయి. మిగతా 46 'ఇంకా చూడండి' బటన్ నొక్కితేనే బయటికొస్తాయి. పేజీలు చదువుతూ తిరిగే గూగుల్ ప్రోగ్రాం, అదే గూగుల్ బాట్, లింకు పట్టుకుని నడుస్తుంది గానీ బటన్లు నొక్కదు. దానివరకు ఆ 46 పేజీలు లేనట్టే. సైట్‌మ్యాప్, అంటే సైట్‌లోని పేజీల జాబితా, ఉంటే కనీసం అందులోంచి అయినా తెలిసేది, అదీ లేదు. గూగుల్‌లో 'సైట్' అని ఇంగ్లీషులో కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ చిరునామా కొట్టండి. నాకు 11 పేజీలు కనిపించాయి.

చివరగా ఒక తమాషా. మీ హోమ్ పేజీ మొదటి వాక్యాన్ని కోట్స్‌లో పెట్టి వెతికాను. ముందు ఏడు డైరెక్టరీల పేజీలొచ్చాయి, ఎనిమిదోది మీరు. అతికించానన్నారే, అదీ దాని మహత్యం. వీలున్నచోట మార్చండి, లేదా మీ హోమ్ పేజీలోని పేరానే తిరగరాసుకోండి. రెండోదే తేలిక.

దారంఉండ

కాసేపు మాట రాలేదండీ.

మేనల్లుడి తప్పేమీ లేదు. ఆ ఫోటోలు నేనిచ్చినవే. సైట్ లేని రోజుల్లో వాట్సాప్‌లో పంపడానికి ఒక్కో ప్రశ్నకూ ఒక్కో కార్డు చేయించుకున్నాను, రంగులూ అంచులూ వేసి. అవే తీసి పెట్టెయ్యమన్నాను. చూడ్డానికి అందంగా ఉన్నాయని మురిసిపోయాను కూడా.

మా దగ్గరికి మిషన్ తెచ్చేవాళ్లు సరిగ్గా ఇలాగే చేస్తారు. బట్ట కింద దారం ఉండలు కడుతుంది. కింద కనిపిస్తోంది కాబట్టి తప్పు కిందే అనుకుని కింది దారం ఉండే బాబిన్ కేసు స్క్రూ తిప్పీ తిప్పీ అరగదీస్తారు. ఎక్కువసార్లు తప్పు పైదారంలో ఉంటుంది. బట్టను నొక్కిపట్టే ఫుట్ దించి దారం ఎక్కిస్తారు, అప్పుడు దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ ప్లేట్లు బిగుసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యకి దిగదు. ఫుట్ ఎత్తి మళ్లీ ఎక్కిస్తే పోయేదానికి నెలల తరబడి కింద స్క్రూ తిప్పుతుంటారు. నేను వాళ్లను కేకలేస్తుంటాను. ఇప్పుడు 63 సార్లు నేనే తిప్పాను.

సరే, 58 కార్డులూ మళ్లీ టైప్ చేయాలి. రెండు వేళ్లతో కొడతాను, ఎన్నాళ్లు పడుతుందో.

గడపలోపల

టైప్ చేయక్కర్లేదు, ఫోన్ కెమెరాతో ఫోటోలోని అక్షరాల్ని కాపీ చేసుకోవచ్చు, లేదా గూగుల్ డ్రైవ్‌లో ఫోటో పెట్టి డాక్స్‌తో తెరవండి, రాత విడిగా వస్తుంది. తప్పులుంటాయి, ఒకసారి సరిచూసుకోండి.

ఇంకోటి. మిషన్లు బాగుచేయించుకోవడానికి మనుషులు మీ దగ్గరికి వస్తారు కాబట్టి గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ తెరవండి, ఉచితం. ఉత్త ఆన్‌లైన్ సైట్లకు అది ఇవ్వరు, మీకు ఇస్తారు. మ్యాప్‌లో కనిపించేది దాంతోనే. పేరు, చిరునామా, ఫోను అన్నిచోట్లా ఒకేలా ఉండేట్టు చూసుకోండి. ఒకచోట మీ పేరుతో, ఒకచోట షాపు పేరుతో పెట్టొద్దు.

దారంఉండ

ఏడు వారాల తర్వాత వచ్చాను, ఏమైందో చెప్పకపోతే బాగుండదని.

41 పేజీలు అక్షరాల్లోకి మార్చాను. గడపలోపల గారు చెప్పిన పద్ధతి బాగానే ఉంది. 'బాబిన్'ను మాత్రం ప్రతిసారీ 'బాటిన్' అని చదివింది, అన్నీ నేనే దిద్దుకున్నాను. ప్రతి పేజీకి దాని రోగమే టైటిల్ పెట్టాం. మేనల్లుడు ఆ బటన్ తీసేసి 58 లింకులూ ఒకే పేజీలో వరసగా పెట్టాడు. సైట్ యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో సైట్‌మ్యాప్ ఇచ్చాం. ఇంకో సెర్చ్ ఇంజన్ బింగ్ ఉంది కదా, వాళ్ల దాంట్లోకి సైట్ వివరాలు సెర్చ్ కన్సోల్ నుంచే నేరుగా దించుకోవచ్చట, అదీ చేశాం, ఐదు నిమిషాల పని. ఇప్పుడు 37 పేజీలు గూగుల్‌లో ఉన్నాయి. కొన్ని 'క్రాల్ అయింది, ఇంకా ఇండెక్స్ కాలేదు' అని చూపిస్తున్నాయి, అంటే గూగుల్ చూసింది గానీ తన జాబితాలో చేర్చుకోలేదు. అవన్నీ ఇంకా ఫోటోలుగా ఉన్నవే.

డైరెక్టరీలు మానేశాను. వాటి బదులు రెండే చేశాను. విడిభాగాలు అమ్మేవాళ్ల సైట్‌లో మెకానిక్‌ల జాబితా ఉంది, నేను వాళ్ల పాత ఖాతాదారుణ్నే, అడగ్గానే పెట్టారు. ఇంకోటి ఒక కుట్టు శిక్షణ కేంద్రం. వాళ్ల పిల్లలకు పనికొచ్చే సైట్లని ఒక పేజీ ఉంది. మెయిల్ పెట్టాను. ఆ టీచరమ్మ నా పేజీలన్నీ చదివి, సూది నంబర్ల పేజీలో ఒక తప్పు పట్టుకుని, అది దిద్దాకే చేర్చింది. పాతకాపు గారు చెప్పిన ఎడిటర్ గుర్తొచ్చాడు. ఈ నెలలో ఆ రెండిటి నుంచి 19 మంది వచ్చారు. అందులో నేను లేను, ఈసారి నొక్కి చూసుకోలేదు.

గూగుల్ నుంచి కూడా రావడం మొదలైంది. మొన్న ఒకావిడ 'మిషన్ కింద దారం ఉండ' అని వెతికి, పేజీ చదివి, ఫుట్ ఎత్తి దారం ఎక్కించుకుని, పోయిందని మెసేజ్ పెట్టింది. నాకు ఒక రిపేరు పోయింది, సరే!

ఒక్క బాధ మిగిలింది. ఆ 63 చోట్ల నుంచి ఇంకా మెయిళ్లు వస్తూనే ఉన్నాయి. "మీ లిస్టింగ్ గడువు ముగుస్తోంది, అప్‌గ్రేడ్ చేసుకోండి" అంటాయి. రోజుకు 30, 40. ఎలా ఆపాలి?

పాతకాపు

పేరూ ఊరూ తెలియనివాటిలో అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కకండి, ఈ పెట్టె తెరిచేవాడు ఒకడున్నాడని వాళ్లకు మీరే చెప్పినట్టవుతుంది. స్పామ్ అని గుర్తుపెడుతూ పోండి. లిస్టింగ్, రెన్యూవల్ అనే మాటలు సబ్జెక్టులో ఉంటే నేరుగా చెత్తలోకి పోయేట్టు ఒక ఫిల్టర్ పెట్టుకోండి. నాకు 2013 నాటి పెట్టె ఒకటి ఇంకా ఉంది, సరదాకి అప్పుడప్పుడు తెరుస్తాను. పైపులవాడి లిస్టింగ్ గడువు ఈ వారం కూడా ముగుస్తోందట.